దూది స్నోమ్యాన్: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ధనుర్మాసం వచ్చేసింది. విజయవాడలో మధ్యాహ్నం ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అట్టి శీతకాలమున ఒక యూకేజీ డైరీలో, సాయంత్రం బ్యాగు తెరిచాక బయటపడిన వాక్యమిది. కర్త క్లాస్ టీచరుగారు. లిపి ఎర్ర ఇంకు.

మూలం: రేపు వింటర్ యాక్టివిటీ. చార్టుపై దూదితో స్నోమ్యాన్ పిల్లలే స్వయంగా చేసి తేవలెను.

ప్రతిపదార్థం: రేపు = స్కూలు వ్యాను హారన్ కొట్టేలోపు; వింటర్ యాక్టివిటీ = తల్లికి రాత్రిపూట కలుగు పని; చార్టుపై = ఇంట్లో లేనట్టి చార్టుపై; దూదితో = వత్తుల కోసం దేవుడి గూట్లో దాచిన దూదితో; స్నోమ్యాన్ = బిడ్డ టీవీలో తప్ప ఎరగనట్టి మంచు మనిషిని; పిల్లలే = తల్లులే; స్వయంగా = తండ్రి సాయం లేకుండా; చేసి = చేసి; తేవలెను = వ్యానులో నలగకుండా తేవలెను.

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: మంచే లేని ఊళ్లో మంచు మనిషేమిటని ఆక్షేపం. మన్యంలో లంబసింగి ఉంది కదా అంటే, అక్కడ గడ్డి మీద పేరుకునేదంతా పోగుచేసినా స్నోమ్యాన్‌కు ముక్కు కూడా రాదు. దూది మాట వేరు. గుంటూరు, ఆదిలాబాదు పత్తి పండించే నేలలు గనుక ఔచిత్యం చెడలేదు. కళ్లకు అమ్మ నల్ల బొట్టుబిళ్లలు, ముక్కుకు క్యారెట్ ముక్క. అది తెల్లారేసరికి వడలిపోతుంది. బంక ఎక్కువై దూది కాస్తా బిడ్డ వేళ్లకూ గడ్డానికీ అంటుకుని, కాగితం బోడిగా మిగిలిన దశలో స్నోమ్యాన్ చార్టు మీద ఉన్నాడా, చాప మీద కూర్చున్నాడా అనేది తేలదు. కనుక సందేహాలంకారం.

పాఠాంతరం: ‘స్నోఫ్లేక్’ అని కొన్ని స్కూళ్ల ప్రతుల్లో ఉంది. ఇదే మేలని మా పక్షం, ఒక చిక్కు తప్ప. కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే నాలుగో ఎనిమిదో కొమ్ములొస్తాయి. మంచు రేకకు ఉండేవి ఆరు. ఈ ఆరెందుకని 1611లో కెప్లర్ ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. 1885లో అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు మైక్రోస్కోపుకు కెమెరా బిగించి మంచు రేక ఫొటో తీశాడు. ఆరు రావాలంటే సగానికి మడిచి, దాన్ని మూడుగా మడిచి, మళ్లీ సగం చేయాలి. ఆ నడిమి మడత అయిదేళ్ల వేళ్లకు లొంగదు.

అదే వాకిట్లో ఏడు చుక్కలు పెట్టి, రెండువైపులా సందుచుక్కలు నాలుగు వచ్చేదాకా పెట్టుకుంటూ పోతే ఆరు మూలలూ వాటంతటవే వస్తాయి. మొత్తం 37 చుక్కలు. కెప్లర్ పేరు వినని నానమ్మలు ఈ నెల పొడుగునా తెల్లవారుజామున చేసే పనే ఇది. వేళ్ల సందున పిండి జార్చడం పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. వంకరపోతే చెరిపి మళ్లీ పెట్టొచ్చు. ఎండిన బంకకు ఆ దయ లేదు.

విన్నపం: టీచరుగారూ, ఈ యాక్టివిటీ స్కూలు వరండాలోనే ముగ్గుపిండితో చేయించండి. కాదు, దూదే కావాలంటారా, డైరీలో రెండు రోజుల ముందు రాయండి. రాత్రి తొమ్మిది దాటితే మెడికల్ షాపువాడు షట్టరు దించేస్తాడు.