మూయడానికి ఒక ఫుట్‌పాత్ కావలెను

మా అపార్ట్‌మెంటుకి రంగులు వేసి పన్నెండేళ్లయింది. ఐదంతస్తులు. రోడ్డువైపు గోడ నాచు పట్టి, వానలో తడిసి ఆరిన పాత పంచాంగంలా తయారైంది. ఈ ఏడు అసోసియేషన్ సెక్రటరీ పదవి నా నెత్తిన పడింది కనక, రంగుల మేస్త్రీతో బేరం కుదుర్చుకుని, "పైన మీవాళ్లు గోడ గీకుతుంటే కింద జనం నడుస్తారు కదా, ఫుట్‌పాత్ మూయించాలేమో" అన్నాను. మేస్త్రీ నావంక జాలిగా చూశాడు.

"మూయడమెందుకు సార్? పైనుంచి 'చూస్కో' అని కేకేస్తాం."

నాకీ చాదస్తం ఊరికే పట్టలేదు. మా అన్నయ్య కొడుకు ఇంగ్లండులో భవనాల పనుల్లో ఉన్నాడు. అక్కడ రోడ్డు మీదికి పరంజా రావాలంటే 1980 నాటి హైవేస్ చట్టం 169వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలట. ఫుట్‌పాత్ మూస్తే నడిచేవాళ్లకి వేరే దారి చూపించాలట. ఎర్రతెల్ల అడ్డపలకలతో, 'అవతలివైపు నడవండి' అన్న బోర్డుతో ఒక ఫొటో కూడా పంపాడు. అది చూశాక నాకు పౌరస్పృహ మొదలైంది. అరవై దాటాక కొత్తగా మొదలయ్యేది ఏదైనా డాక్టరుకి చూపించుకోవాలి. నేను చూపించుకోలేదు, దరఖాస్తు రాశాను.

దానికి జతగా ఒక జిరాక్సు పెట్టాను. ఆటంకాల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిన వార్త అది. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది సుప్రీంకోర్టుది సార్. మాది వార్డు ఆఫీసు" అని తిరిగిచ్చేశాడు. తర్వాత దరఖాస్తు చదివాడు.

"ఎన్ని మీటర్లు తవ్వుతారు?"

"తవ్వమండీ. పని పైన. కింద మూడు రోజులు మూస్తాం."

"తవ్వితే ఫారం ఉంది. మీటరుకింతని కట్టించుకుంటాం. తవ్వకుండా మూస్తానంటే ఏ పద్దు కింద రాసుకోను?" కాసేపు ఆలోచించి, మెల్లిగా, "పోనీ, ఓ మీటరు తవ్వరాదూ?" అన్నాడు. మంచివాడు, పాపం. నా పని అవ్వాలనే అతని తాపత్రయం.

నేను తవ్వనని మొండికేయడంతో ఫైలు తనిఖీకి వెళ్లింది. నాలుగో రోజు వర్క్ ఇన్‌స్పెక్టర్ టేపుతో దిగాడు. నివాస ప్రాంతాల్లో సైతం నడకకు కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అంటోంది. ఆ సంఖ్య నేను బట్టీ పట్టి మరీ ఎదురెళ్లాను. టేపు ఒక కొస నాచేతికిచ్చి కొలత మొదలెట్టాడు. మా ప్రహరీని ఆనుకుని కింది ఫ్లాటువారి పూలమొక్కలు, చుట్టూ ఇనుప కంచె. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ గద్దె. ఎవరో చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి పాతిన చట్రం, పుట్టినరోజు వెళ్లి ఎన్నాళ్లయిందో. టిఫిన్ బండి. ఆరు బైకులు. చివర మా కార్లు ఎక్కిదిగే సిమెంటు ర్యాంపు, రోడ్డులోకి నాలిక చాపుకుని. టేపు పట్టుకున్న నా చేయి ఎక్కడా చాపాల్సిన పని పడలేదు. మిగిలింది జానెడు.

"ఇక్కడ ఎవరు నడుస్తారు సార్?"

"ఎవరూ నడవరు. రోడ్డు మీదే నడుస్తారు."

"మరి ఎవరి మీద పడుతుందని మీ భయం?"

"ఇడ్లీ తినేవాళ్లు..."

"వాళ్లు పాదచారుల కిందికి రారు."

వారానికి ఎండార్స్‌మెంటు వచ్చింది: 'దరఖాస్తుదారు ప్రతిపాదించిన స్థలమును పరిశీలించగా, అచ్చట మూయదగిన ఫుట్‌పాత్ లేనందున అభ్యర్థన తిరస్కరించడమైనది.' కింద గుండ్రటి ముద్ర. నేను దాన్ని లామినేషన్ చేయించాను.

ఇక చేసేదిలేక టిఫిన్ బండి అతన్ని బతిమాలుదామని వెళ్లాను. అతను గల్లాపెట్టెలోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చింది. ఆ ఫుట్‌పాత్ మొత్తం మీద కాగితం ఉన్నవాడు అతనొక్కడే! అయినా, "మూడు రోజులే కదా బాబాయ్, మందుల షాపు పక్కన పెట్టుకుంటా" అని, ఆ సాయంత్రమే బండి తోసుకుపోయాడు. దరఖాస్తు లేదు, తనిఖీ లేదు.

తెల్లారి పని మొదలైంది. డాబా మీద నీళ్లట్యాంకు స్తంభానికి రెండు తాళ్లు కట్టి, వాటి కొసల్లో చెక్కపలక వేలాడదీశారు. మేస్త్రీ దాన్ని జూలా అంటాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు పిట్టగోడ దాటి దానిమీద కూర్చున్నాడు. ఒక పక్క రంగు బకెట్టు, చొక్కా జేబులో ఫోను, ఫోనులో పాట. కాళ్లకి హవాయి చెప్పులు, అందులో ఒకదానికి పిన్నీసు. బెల్టేదని అరిచాను. "ఉంది సార్, రూములో. కట్టుకుంటే చెయ్యి ఆడదు" అన్నాడు పైనుంచి, నవ్వుతూ. 1996లోనే భవన నిర్మాణ కార్మికుల కోసం చట్టం వచ్చింది. పడిపోకుండా ఆపే బెల్టుకి ఐఎస్ 3521 అని ప్రమాణం కూడా ఉంది. నేను నింపిన కాగితాల్లో పొడవు, వెడల్పు, రోజులు, ఇంటిపన్ను రసీదు నంబరు అన్నీ అడిగారు. పైన వేలాడేవాడు దేనికి కట్టుకుని ఉన్నాడో అడిగే గడి లేదు. నిజం చెప్పాలంటే, బేరమాడినప్పుడు నేనూ అడగలేదు. చదరపుటడుగుకి రూపాయి తగ్గించమని మాత్రం అడిగాను. ఆ మధ్యాహ్నం కుర్రాణ్ణి దింపి, మేస్త్రీని పంపి బెల్టు తెప్పించాను. సగం పూట పని పోయిందని ఆ కూలి మా ఖాతాలోనే రాశాడు.

మూడు రోజులూ మేం కింద పసుపుతాడు కట్టాం. రెండో రోజు ఆ తాడు లోపల ఒకాయన స్కూటరు పెట్టుకున్నాడు. ఖాళీగా ఉంది కదా అన్నాడు.

గోడ ఇప్పుడు మీగడరంగులో మెరుస్తోంది. టిఫిన్ బండి తన చోటికి తిరిగొచ్చింది. మా ర్యాంపు ఫుట్‌పాత్‌ని మూసి పన్నెండేళ్లు. దానికి ఎవరూ పర్మిషన్ అడగలేదు. నేనూ అడగలేదు.