చీమలు మేసిన శాస్త్రము

ఒడలికి చెమట పట్టించు పనికి వంశవృక్షమెందులకని అడుగువాడు నాస్తికులలో జమకట్టబడుచున్న కాలమిది. మేడమీద రబ్బరు చాపలు పరచి, అధోముఖశ్వానాసనమునుండి చతురంగదండాసనమునకును, అచ్చటినుండి ఊర్ధ్వముఖశ్వానాసనమునకును ఊపిరి లెక్కతో దుముకుచు జారుచు సాగు విన్యాసయోగమును, దాని తోబుట్టువగు పవర్ యోగాను నేర్పుచోట, ఫ్లెక్సీ మొట్టమొదట చెప్పునది ఫలము కాదు, వయస్సు: 5,000 ఏండ్లు!

వయస్సును చూచి బెదరువారము కాము మేము. గౌతమ మహర్షి తపస్సునకు మెచ్చి దిగివచ్చిన గంగ గోవు గిట్టగుర్తు మీదుగా పారినదని నమ్మి, గోష్పాదక్షేత్రమున మునుగు కొవ్వూరువారికి పురాణము కొత్త గాదు. కాని పురాణము తాను పురాణమనియే చెప్పుకొనును. చరిత్రనని చెప్పి నెలకింతయని రసీదు చింపదు.

పట్టాభి జోయిస్ 1948లో మైసూరున నెలకొల్పిన సంస్థనుండి దేశదేశములకు ప్రాకిన అష్టాంగవిన్యాసమునకు మూలము, వామన ఋషి రచించిన ‘యోగకోరుంట’ అను గ్రంథమట. జోయిస్ గురువు కృష్ణమాచార్యులవారు దానిని కలకత్తాలో చూచిరట. పిదప దానిని చీమలు తినివేసినవట. ఆ చీమల సమయజ్ఞతను మెచ్చవలయును! గురువుగారికి విషయమంతయు కంఠస్థమగువరకు ఓపికపట్టి, ఆ పిమ్మట ఒక్క ఆకైనను మిగుల్చక, భోజనము ముగించినవి. తాళపత్రములకు పురుగు పట్టుట అబద్ధమని నేననను. పట్టుననియే గదా మన పూర్వులు ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు వ్రాయించిరి, ఏటికావల గౌతమీ గ్రంథాలయమున నేటికిని తాళపత్రములు నిలిచియున్నవి. మా ఊరి ఆంధ్రగీర్వాణ విద్యాపీఠమున చదివిన పండితుడెవడైనను, సభలో ప్రమాణమడుగగా ‘చీమలనడుగుడు’ అనియుండినచో, శాలువ మాట దేవుడెరుగు, మంచినీళ్లైనను దక్కియుండవు.

మిగిలియున్న గ్రంథములో, మాట సాయమైనను చేయవు. పతంజలి ఆసనమునకై వెచ్చించినవి మూడే సూత్రములు. అందును ఆయన కోరినది నిలకడ, సుఖము. హఠయోగప్రదీపికలోని పదునైదు ఆసనములలో అధికము కూర్చుండి చేయునవే. సూర్యనమస్కారముల ఊసే లేదు. పైగా దానికి జ్యోత్స్నావ్యాఖ్య వ్రాసిన బ్రహ్మానందుడు, యోగి విడువవలసిన కాయక్లేశమునకు బరువులు మోయుటతోపాటు పెక్కు సూర్యనమస్కారములనే ఉదాహరించినాడు. చీమలు మేయవలసిన పుట ఇది. పాపము, దారి తప్పినవి.

ఈ విన్యాసమునకు తెలిసిన జాతకము వేరు. 1930ల దశకమున నాల్వడి కృష్ణరాజ ఒడయరువారి ఆదరమున, జగన్మోహన ప్రాసాదములో కృష్ణమాచార్యులవారు రాచబిడ్డలకును బాలురకును యోగము నేర్పిరి. దండీలు, బస్కీలు, యూరపు కసరత్తులు దేశమెల్ల మ్రోగుచున్న రోజులవి. 1928లో ఔంధు సంస్థానాధీశుడు సూర్యనమస్కారములను వ్యాయామముగా ప్రచారము చేయుచు పుస్తకమే వ్రాసెను. 1934లో ఆచార్యులవారి ‘యోగమకరంద’ కన్నడమున వెలువడెను. న్యాయముగా ఒక మాట చెప్పవలయును: అంతకు ముందటి శతాబ్దమున ముమ్మడి కృష్ణరాజు కూర్పించిన శ్రీతత్త్వనిధిలో 122 ఆసనముల చిత్రములు కలవు, కావున అంతయు దిగుమతి సరుకనుటయు తొందరపాటే. పవర్ యోగా నామకరణము మాత్రము అమెరికాలో నిన్నమొన్న జరిగినది.

మా సీమలో సూర్యనమస్కారములన అరుణమును పఠించుచు అనువాకమునకొక సాష్టాంగము పెట్టుట. రోగి మంచముననుండ ఋత్విక్కు నేలబడి లేచుచుండును. శ్రమ ఒకరిది, ఫలము వేరొకరిది, నడుమ సంభావన. పవర్ యోగాలో శ్రమయు రుసుమును ఒక్కరివే; ఆ మేరకు ఇది నిజాయితీగల విద్యయని ఒప్పుకొందును. గుండె వేగిరపడును, కండ గట్టిపడును, నడుము వంగును, రాత్రి నిద్ర పట్టును. తొందరపడిన భుజమును మణికట్టును మొరపెట్టును. ఇవి చాలవా?

చాలవట. చెమటతో దేహములోని విషములన్నియు కొట్టుకొనిపోవునట! చెమటలో నుండునది దాదాపు అంతయు నీరు, కొంత ఉప్పు. విషముల వ్యవహారము కాలేయమునకును మూత్రపిండములకును ఏనాడో అప్పగింపబడినది. చెమటయే శుద్ధియైనచో, రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నము కొవ్వూరు బస్టాండున పోలవరము బస్సుకై నిలుచున్నవారెల్లరు ఈపాటికి జీవన్ముక్తులై యుండవలసినది.