పుట్టగొడుగుకు జరిగిన పరువునష్టం

పుట్టగొడుగు అనే పేరు అసలు చెదపుట్ట మీద లేచే అడవి శిలీంధ్రానిది. పుట్ట మీద మొలుస్తుంది, గొడుగులా విచ్చుకుంటుంది. పేరు పెట్టినవాళ్లు పెద్దగా బుర్ర చించుకోలేదు. తెలంగాణలో కొన్నిచోట్ల పుట్టకొక్కు అంటారు. తినకూడనివాటికి కుక్కగొడుగు అనే పేరుంది. మరాఠీవాళ్లూ గొడుగును కుక్క చేతికే ఇచ్చారు. బెంగాలీలు మాత్రం కప్పకిచ్చారు. వానలో గొడుగు అక్కర్లేని ప్రాణి అంతకంటే వాళ్లకు దొరికినట్టు లేదు. 1942లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త రోజర్ హైమ్ ఈ ప్రజాతికి 'టెర్మిటోమైసిస్', అంటే చెద శిలీంధ్రం, అని నామకరణం చేశాడు. మన రైతుకు ఆ సంగతి అప్పటికే తెలుసు.

చీమలు కట్టిన పుట్టలో పాములు చేరతాయని అందరూ అంటారు గానీ, ఈ పుట్టను కట్టింది చీమ కాదు, చెదపురుగు. వరసకు అది చీమకు ఏమీ కాదు, బొద్దింకకు దగ్గరి చుట్టం. కట్టిన కీర్తి చీమకు, కాపురం పాముకు, నాగులచవితి పాలూ పాముకే. తలుపులు తిన్నందుకు తిట్లు మాత్రం చెదకు.

చెద చేసేది అచ్చమైన వ్యవసాయం. ఎండుటాకులు, పుల్లలు కొరికి తిని, సగమే అరిగిన మలంతో పుట్ట లోపల గుల్లగుల్లగా మడులు కడుతుంది. ఆ మడుల మీద శిలీంధ్రం పెరుగుతుంది. కట్టెలోని లిగ్నిన్‌ను అరిగించుకోవడం చెదకు కష్టం. ఆ పని శిలీంధ్రం చేసిపెడుతుంది. దానిమీద లేచే తెల్లని బుడిపెలను, ముదిరిన మడిని కూడా చెదలు తింటాయి. ఈ సాగు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. మనిషి విత్తనం చల్లడం నేర్చి పదివేల ఏళ్లు దాటిందేమో, అంతే. అయినా చెదకు పట్టాదారు పాసుపుస్తకం లేదు, రుణమాఫీ లేదు. పంట అమ్మనక్కర్లేదు కాబట్టి దళారీ కూడా లేడు.

తొలి వానలకు రెక్కల చెదలు, అంటే ఉసిళ్లు, లేచి జంటలు కట్టి కొత్త పుట్టలు పెడతాయి. చాలా జాతుల్లో ఈ జంట విత్తనమేమీ వెంట తీసుకుపోదు. సారె లేని కాపురమన్నమాట. తర్వాత పుట్టిన పనివాళ్లు మేతకు తిరుగుతూ, ఏ పుట్టగొడుగో రాల్చిన సిద్ధబీజాలను ఇంటికి తెచ్చుకుంటారు. ఆ బీజాలు రాల్చడానికే వానాకాలంలో మడి నుంచి వేరులాంటి పొడవాటి కాడ మట్టిని చీల్చుకుని పైకొస్తుంది. ఉరిమితేనే పుట్టగొడుగు లేస్తుందని పల్లెల్లో నమ్మకం. ఉరుము వెంట వానా వస్తుంది కాబట్టి, నీళ్లు చేసిన పనికి పేరు చప్పుడుకు దక్కి ఉండాలి. అయితే జపాన్‌లోని ఇవాతే విశ్వవిద్యాలయంవాళ్లు షిటాకే అనే పుట్టగొడుగును పెంచే దుంగలకు అధిక వోల్టేజీ విద్యుత్తు తగిలిస్తే దిగుబడి పెరిగింది. పుట్టకు కరెంటు పెట్టే ఆలోచన మాత్రం ఎవరికీ రాకుండుగాక.

ఇక పరువు సంగతి. కోచింగ్ సెంటర్లు, ఫైనాన్స్ కంపెనీలు వీధికొకటి తెరిస్తే పత్రికలు 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అని రాస్తాయి. నిజమైన పుట్టగొడుగు అలా ఎక్కడపడితే అక్కడ రాదు. పుట్ట కావాలి, లోపల చెదల సంసారం నిండుగా ఉండాలి, మడి ముదరాలి, వాన అదునులో పడాలి. చెద సాయం లేకుండా దీన్ని వ్యాపారానికి పండించడం ఇంతవరకూ మనిషికి చేతకాలేదు. ఫైనాన్స్ కంపెనీకి ఇన్ని షరతులెక్కడివి? పోలిక కుదిరేది ఒక్కచోటే: రెండూ చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

పట్నంలో ప్లాస్టిక్ డబ్బాలో దొరికే బటన్ రకానికీ ఇదే పేరు అంటగట్టారు. అది పుట్ట మొహం చూడలేదు. గొడుగు విచ్చుకోకముందే కోసేస్తారు. అసలుది కావాలంటే తెల్లవారకముందే గట్ల వెంట తిరగాలి, లేదా దారిపక్కన కుప్ప పోసి అమ్మేవాళ్లు అడిగిన ధర ఇవ్వాలి. మంచి పుట్ట ఏటా అదే చోట పంటనిస్తుంది, అందుకే ఏరేవాడు ఆ చోటు చెప్పడు. కొడుక్కి చెబుతాడు, అల్లుడికైతే ఆలోచిస్తాడు.

మంచిదాన్ని పోల్చుకోవడానికి చెప్పే చిట్కాల్లో పస లేదు. కూరలో వేసిన వెండి చెంచా, వెల్లుల్లి నల్లబడకపోతే మంచిదేనన్నది తప్పు. పురుగు తిన్నది మనిషీ తినొచ్చన్నది ఇంకా తప్పు. గడ్డిలో తెల్లగా, ముద్దుగా లేచి, ముదిరాక గొడుగు కింది రేకులు ఆకుపచ్చబారే రకం ఒకటుంది. తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు తప్పవు. ఏళ్ల తరబడి ఏరిన అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకపోతే అడవిలో దొరికింది వండకండి. తిన్నాక తేడా చేస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, మిగిలిన ముక్క ఒకటి డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకెళ్లండి.