గవాక్ష శాస్త్ర సంగ్రహం

1. అనుబంధ చతుష్టయం

రైలు ప్రయాణానికి మూలం టికెట్టు, టికెట్టుకు మూలం గవాక్షం, గవాక్షానికి మూలం దాని వెనుక ఆసీనుడైన గుమాస్తా చిత్తవృత్తి. ఆ చిత్తవృత్తినీ, దాని సన్నిధిలో ప్రయాణికునికి జనించే మార్గసందేహాన్నీ విచారించేదే గవాక్ష శాస్త్రం. మార్గం దీనికి విషయం. రైలెక్కడం ప్రయోజనం, ఇది అందరికీ సిద్ధించదు. ఆ రెండింటి నడుమ నిలిచిన వరుస సంబంధం. ఫారం, కలం, చిల్లర, ఓర్పు అనే సాధన చతుష్టయం కలవాడు అధికారి. కలం లేనివాడు వెనుకవాని వద్ద యాచించవచ్చు. చిల్లర విషయంలో అట్టి వెసులుబాటు లేదు.

బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన మద్రాస్ రైల్వే 1871లో రాయచూరు వద్ద సంగమించాయి. ఈ శాస్త్రానికి దృష్టాంతమైన ఆదోని స్టేషన్ మద్రాసు శాఖలోనిది. రెండు కంపెనీలు ఒకచోట కలిసినందువల్లనే "అది మాది కాదు" అనే మహావాక్యం అవతరించి ఉంటుందని ప్రాచీనుల ఊహ. 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారినప్పుడు కూడా ఈ వాక్యానికి పాఠభేదం ఏర్పడలేదు.

2. దర్శన భేదాలు

హైదరాబాదు ఆదోనికి ఈశాన్యాన ఉంది. ఆదోని నుంచి ఈశాన్యానికి పట్టా లేదు. సకల వాదాలకూ ఇదే బీజం.

(క) హైదరాబాదు చేరడానికి ఉత్తరవాదులు రాయచూరు, వాడి, తాండూరు, వికారాబాదుల మీదుగా పోవాలంటారు. (ఖ) దక్షిణవాదులు ముందు గుంతకల్లుకు దిగి, డోన్ వద్ద తిరిగి, కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా పోవాలంటారు. గమ్యానికి వీపు చూపడమే గమ్యప్రాప్తికి ప్రథమ సోపానమని వీరి సిద్ధాంతం. (గ) నవ్యులు 2013లో రాయచూరు–గద్వాల మార్గం తెరుచుకున్నాక పుట్టినవారు. రాయచూరు దాకా ఉత్తరవాదుల వెంట నడిచి, గద్వాలలో దక్షిణవాదులతో కలిసే వీరిని ఇరుపక్షాలూ అనుమానంగానే చూస్తాయి.

ఎమ్మిగనూరు వారిది చార్వాక మతం. ఊరికి పట్టా లేదు, ఆదోని స్టేషన్ సుమారు 30 కిలోమీటర్లు. ప్రత్యక్షమొక్కటే ప్రమాణమని నమ్మినవారు కనుక, బస్టాండులో కళ్లెదుట ఇంజను ఆడిస్తూ నిలిచిన కర్నూలు బస్సును తప్ప వేరు వాహనాన్ని అంగీకరించరు. వీరు నాస్తికులు. తరచు అందరికంటే ముందు చేరేది వీరేనన్న సంగతిపై శాస్త్రం మౌనం వహిస్తుంది.

రజ్జుసర్ప భ్రాంతికి ఈ సీమలో ఉదాహరణ మంత్రాలయం రోడ్ స్టేషన్. రాఘవేంద్రస్వామి దర్శనార్థం అక్కడ దిగిన యాత్రికుడు మఠం ఏదని వెతికితే ఆటోవాడు ఎదురవుతాడు. మఠానికి ఇంకా సుమారు 15 కిలోమీటర్లు.

3. అభావ నిరూపణం

గవాక్షం నుంచి వెలువడే శబ్దాలలో అత్యంత గంభీరమైనది "లేదు". పామరులు దీన్ని ఒకే మాటగా వింటారు. నైయాయికులు చెప్పిన నాలుగు అభావాలూ ఇందులో ఇమిడి ఉన్నాయి.

ప్రాగభావం: పుట్టబోయేది ఇంకా పుట్టకపోవడం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 61వ రోజున అడిగినవానికి లభించే "లేదు" ఇది. 2024 నవంబరుకు పూర్వం గడువు 120 రోజులు గనుక, ఆనాటి ప్రాగభావం మరింత సుదూరమైనది.

ప్రధ్వంసాభావం: ఉండి నశించడం. స్లీపర్ తత్కాల్ 11 గంటలకు పుడుతుంది. ఫారం కిటికీ కన్నం దాటేలోగా గతిస్తుంది. భోజనవేళ మూతపడ్డ గవాక్షాన్ని ఈ వర్గంలో చేర్చరాదని కొందరు. అది మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి.

అత్యంతాభావం: ఏ కాలంలోనూ లేకపోవడం. "ఎమ్మిగనూరుకు ఒక టికెట్టు" అన్నవానికి వచ్చే జవాబు. కుందేటి కొమ్ము దీనికి సోదరుడు.

అన్యోన్యాభావం: ఇది అది కాకపోవడం. జనరల్ గవాక్షం రిజర్వేషన్ గవాక్షం కాదు, రిజర్వేషన్ గవాక్షం విచారణ గవాక్షం కాదు, విచారణ గవాక్షంలో కుర్చీ తప్ప మనిషి లేడు. నాలుగింటిలోనూ ప్రయాణికుని కాళ్లకు వ్యాయామం కలిగించేది ఇదొక్కటే.

"చిల్లర లేదు" మాత్రం వీటిలో దేనికీ లొంగదు. సొరుగు మూసి ఉన్నంతవరకు చిల్లర ఉన్నదనీ చెప్పరాదు, లేదనీ చెప్పరాదు, అది అనిర్వచనీయం.

4. సంవాదం

మిరపకోతలకు గుంటూరు సీమకు సుగ్గికి పోయే కుటుంబం ఒకటి, మూటలు దించి, గవాక్షం ముందు నిలిచింది. ఏ స్టేషన్ అనేది అప్రస్తుతం.

"సార్, గుంటూరుకు యా దావన పోవల్ల?"

"యా రైలుకు కావల్ల?"

"అదే సార్ మేం అడిగేది."

"గుంతకల్లుకు ఇస్తా. ఆడ అడుగప్పా."

మొదటి జవాబులో అన్యోన్యాశ్రయం ఉంది: రైలు తెలిస్తే దావ తెలుస్తుంది, దావ తెలిస్తే రైలు తెలుస్తుంది. తార్కికులకు ఇది దోషం, గవాక్ష శాస్త్రంలో భూషణం. రెండవ జవాబు నిర్ణయ వాక్యం. రాయచూరు, బళ్లారి, డోన్, గుత్తి దిక్కుల పట్టాలన్నీ కలిసేచోటు గుంతకల్లు కనుక, ఈ సీమలోని సమస్త సందేహాలూ అక్కడే లయిస్తాయి. అక్కడి సందేహాలు ఎక్కడ లయిస్తాయో విచారించిన గ్రంథం లేదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది కాబట్టి, ఒక ప్రయాణాన్ని రెండు టికెట్లుగా ఖండిస్తే మొత్తం పెరుగుతుంది. ఆ పెరిగిన పైకాన్ని గురుదక్షిణగా లెక్కించాలి.

5. పూర్వపక్ష నిరాసం

మొబైలులోనే టికెట్టు దొరుకుతున్నందున ఈ శాస్త్రం వ్యర్థమని ఆధునికులు ఆక్షేపిస్తారు. పరిశీలించని మాట. నేరుగా పోయే రైలు లేనిచోట మొబైలు కూడా లేదనే అంటుంది. ఏ అభావమో మాత్రం తేల్చదు, ముఖం చిట్లించదు, పక్క కౌంటరు చూపదు. దాని "లేదు" వల్ల కలిగేది అనుమానం. గవాక్షం నుంచి వచ్చిన "లేదు" ఆప్తవాక్యం, శబ్దప్రమాణం. అందుచేతనే ఎమ్మిగనూరు గృహస్థుడు రాత్రి ఫోనులో లేదని చూసినదాన్ని, తెల్లవారి బస్సెక్కి ఆదోనికి వచ్చి, వరుసలో నిలిచి, చెవులారా విని వెళతాడు.