గొట్టంలో సుత్తి

తెల్లవారుజామున మూడింటికి అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. రాజమండ్రిలో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మాట మధ్యలో ఆగి అడిగింది.

"ఏరా, ఈ వేళప్పుడు మీ ఇంట్లో కారం దంచుతున్నదెవరు?"

"ఎవరూ కాదమ్మా, హీటరు."

"హీటరుకి రోకలెందుకురా?"

మూడేళ్లుగా నేను అడుగుతున్నదీ అదే. న్యూయార్క్‌ క్వీన్స్‌లో 1920ల నాటి ఆరంతస్తుల భవనం మాది. నేలమాళిగలో ఒకే బాయిలరు. అక్కడి ఆవిరి గొట్టాలెక్కి ఇంటింటి పోత ఇనుప రేడియేటర్లోకీ వస్తుంది. ఎప్పుడు రావాలో, ఎంత రావాలో చెప్పే మీట నా దగ్గర లేదు. అందరికీ ఒకటే పంక్తి, ఒకటే వడ్డన. చాలు మొర్రో అన్నా విస్తట్లో పడేస్తారు. 1918 ఫ్లూ తర్వాతి కాలంలో కిటికీలు తెరుచుకు పడుకోండని ఆరోగ్య ప్రచారం జోరుగా ఉండేది. కిటికీలు తెరిచినా గది వెచ్చగా ఉండేలా రేడియేటర్లు పెట్టారు. ఫ్లూ పోయింది, రేడియేటర్లు ఉండిపోయాయి. జనవరి మంచులో నేను కిటికీ తెరిచి, నా అద్దె డబ్బుతో వీధిని వెచ్చబెడుతున్నాను.

వేడి సరే. ఇక చప్పుడు సంగతి. దీన్ని ఇంజనీర్లు వాటర్ హ్యామర్ అంటారు, అంటే నీటి సుత్తి. 1982లో జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ సినిమా తీసి మాటల సుత్తి అంటే ఏమిటో తెలుగువాళ్లకి చూపించాడు. అందులో నటించిన వీరభద్రరావుకీ వేలుకీ అదే ఇంటిపేరైపోయింది. ఆ రెండో సుత్తి గురించి కూడా చెబుతాను, కాస్త ఆగండి.

మాది ఒంటి గొట్టం పద్ధతి. ఎక్కే ఆవిరికీ, చల్లబడి నీరై దిగేదానికీ ఒకటే దారి. ఇరుకు వంతెన మీద ఎదురెదురుగా బస్సూ ఎడ్లబండీ అన్నమాట. నీరు జారిపోవాలంటే రేడియేటరు వాల్వు వైపు కాస్త వాలి ఉండాలి. వందేళ్లలో నేల కుంగి వాలు తిరగబడింది, నీరు అడుగున నిలిచింది. దూసుకొచ్చిన ఆవిరి ఆ నీటిని ముద్దగా ఎత్తి మలుపులో ఇనుముకేసి బాదుతుంది. వాల్వు పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. ఫ్యాన్ రెగ్యులేటరనుకుని సగం తిప్పినా ఇదే వాయింపు. మందు ఏమిటంటారా? వాల్వుకి దూరంగా ఉన్న కాళ్ల కింద రెండు చెక్కముక్కలు. అంతే. నా మూడేళ్ల నిద్ర ఖరీదు రెండు చెక్కముక్కలు.

ఇక రెండో సుత్తి. మేనేజ్‌మెంటు వారికి మొదటి ఉత్తరం రాస్తే, పాత భవనాలకి ఒక వ్యక్తిత్వం ఉంటుందని జవాబొచ్చింది. ఆ వ్యక్తిత్వం రాత్రి రెండింటికే ఎందుకు వికసిస్తుందో రాయలేదు. రెండో ఉత్తరానికి మనిషిని పంపారు. ఆయన పగలు పదకొండింటికి, బాయిలరు నిద్రపోతున్నప్పుడు వచ్చి, రేడియేటరు మీద చెయ్యి పెట్టి, పసిపిల్ల జ్వరం చూసినట్టు చూసి, "చప్పుడేం లేదే" అన్నాడు. మూడో ఉత్తరానికి చట్టం చదివి వినిపించారు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్‌ కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండాలి. రాత్రిళ్లు బయట ఎలా ఉన్నా 62. మీ గదిలో 80 ఉంది కదా, ఇంకేం కావాలి? కడుపునొప్పి అంటే నాడి చూసి, భేషుగ్గా కొట్టుకుంటోందన్న వైద్యుడి వరస.

నిజమే, నాది వాళ్ల థర్మామీటరుకి అందే జబ్బు కాదు. వేడి తగ్గితే జరిమానా భయం ఉంది కాబట్టి వేడికి యజమాని ఉన్నాడు. చప్పుడు మాత్రం అనాథ. కింది ఇంటివాళ్లు నాదంటారు, నేను పైవాళ్లదంటాను, అందరం కలిసి గొట్టానిదంటాం. గొట్టం ఒప్పుకుంటుంది కూడా, ఢాం అని.

మొన్న ఆదివారం క్యారమ్ డబ్బా తీశాను. కర్ర పెట్టి రేడియేటరుని కాస్త ఎత్తి, రెండు కాళ్ల కింద రెండేసి నల్ల కాయిన్లు తోశాను. వాల్వు పూర్తిగా తెరిచాను. ఆ రాత్రి గాలి వదిలే బుస్సు తప్ప ఇంకేమీ వినపడలేదు.

గురువారం ఉత్తరం వచ్చింది. భవనం ఆస్తిలో అనుమతి లేని మార్పు చేశానట. ఏడు రోజుల్లో కాయిన్లు తీసేయాలట. మూడేళ్లలో నేను అందుకున్న మొట్టమొదటి గడువు.

అదే సాయంత్రం పై అంతస్తు బంగ్లాదేశ్ పెద్దాయన తలుపు తట్టాడు. కళ్లు నాలాగే ఎర్రగా ఉన్నాయి. "బాబూ, కాయిన్లు ఇంకా మిగిలాయా?" అన్నాడు. తెల్లవి తొమ్మిదీ ఆయన చేతిలో పోశాను. ఎర్రది మాత్రం మేనేజ్‌మెంటు వారి కోసం కవర్లో పెట్టాను.