చివరి మాట నాది

నేను పుట్టినప్పుడు నా ఒంటి మీద రెండే రెండు వరుసలు. మొదటి వరుసలో నా పేరు, రెండో వరుసలో మా అమ్మ పేరు. ఆ రెండూ ఉంటే చాలు, సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ నన్ను ఫలానావారి బిడ్డ అని ఒప్పేసుకుంటుంది. తండ్రి పేరు అడగదు, ఆధార్ అడగదు.

నేనొక ఫైలుని. స్టైల్ డాట్ సీఎస్‌ఎస్ అంటారు. తణుకులో ఒకావిడ సరదాకి నడుపుకునే ముగ్గుల వెబ్‌సైటుకి రంగులు, కొలతలు, అక్షరాల లావు, వరుసల ఎడం చూసుకునే ఉద్యోగం నాది. ముగ్గు పెట్టేది ఆవిడ. మేడ మీద నుంచి వంగి ఫొటో తీసేదీ ఆవిడే. కింద "15 నుంచి 8 వరకు, సందు చుక్క" అని రాసేదీ ఆవిడే. ఆ రాసింది ఎంత పెద్దగా, ఏ రంగులో, ఎక్కడ కనబడాలో చెప్పేది నేను. పిల్లని కన్నది నేను కాదు గానీ, తల దువ్వి బొట్టు పెట్టేది నేనే.

మా వంశం మరీ పాతదేం కాదు. 1994 అక్టోబరులో హోకన్ వీమ్ లీ అనే నార్వే ఆయన, సెర్న్‌లో పనిచేస్తూ మా మొదటి ప్రతిపాదన రాశాడు. తరవాత బెర్ట్ బాస్ అనే డచ్చాయన తోడయ్యాడు. 1996 డిసెంబరుకి మాకొక ప్రమాణం ఏర్పడింది. అంతకు ముందు పేజీలోని మాటా, దాని ముస్తాబూ కలగాపులగంగా ఒకే చోట ఉండేవి. సంగతి వేరు, సింగారం వేరు అని విడదీయడానికే మా జాతి పుట్టింది. మా పేరులో మొదటి మాట క్యాస్కేడింగ్. ఒకే అక్షరానికి ఇద్దరు సమాన హోదాతో రెండు రంగులు చెబితే, వెనక చెప్పినవాళ్ల మాట నెగ్గుతుంది. మా ఇంట్లో అమ్మ ముందు మాట్లాడుతుంది, నేను తరవాత మాట్లాడతాను. అంచేత గొంతు పెంచకుండానే చివరి మాట నాదవుతుంది.

అసలు నేను ఎందుకు పుట్టానో చెప్పాలి. అమ్మకి జరిగిన ప్రమాదం వల్ల పుట్టాను.

2019 డిసెంబరు. ధనుర్మాసం పట్టి వారం కాలేదు. ముగ్గుల సైటుకి అది కోతల కాలం; సంవత్సరమంతా రానివాళ్లు ఆ నెల రోజులూ తెల్లారకముందే వచ్చి చూస్తారు. అప్పటికి ఆవిడ సొంతంగా సైటు పెట్టి రెండేళ్లు. ఉచితంగా దొరికిన ఒక థీమ్ (అదే మా అమ్మ) వేసుకుని, అందులో తనకి నచ్చనివన్నీ నేరుగా అమ్మ ఫైల్లోకి వెళ్లి మార్చేసుకుంది. అలా మార్చబోతే వర్డ్‌ప్రెస్ ముందే ఒక హెచ్చరిక చూపిస్తుంది, కింద 'అర్థమైంది' అని ఒక బటన్ పెడుతుంది. అర్థమైనా కాకపోయినా అందరూ నొక్కేది దాన్నే. ఆవిడా నొక్కింది. రెండేళ్లలో తలకట్టు రంగు, అక్షరాల వాటం, పక్క గడి వెడల్పు, ఒక్కొక్కటీ తనకి నచ్చినట్టు దిద్దుకుంది. ఆ రోజు పొద్దున థీమ్‌కి కొత్త వెర్షన్ వచ్చిందని కబురొచ్చింది. అప్‌డేట్ నొక్కింది. కొత్త ఫోల్డరు పాత ఫోల్డరు మీద కూచుంది. రెండేళ్ల పని అర నిమిషంలో పోయింది.

హైదరాబాదులో ఉన్న అక్క కొడుక్కి ఫోను చేసింది.

"ఒరేయ్, నా సైటుని ఎవరో ఎత్తుకుపోయార్రా."

"ఎవరూ ఎత్తుకుపోలేదు పిన్నీ. నువ్వే అప్‌డేట్ కొట్టుంటావు."

"కొట్టమని అదే కదరా అడిగింది!"

"అద్దింటి గోడకి మేకులు కొట్టుకున్నావు పిన్నీ. ఓనరు సున్నం వేయించాడు. మేకులుంటాయా?"

నేను పుట్టింది ఆ సాయంత్రమే. వాడు చెబుతుంటే ఆవిడే కొత్త ఫోల్డరు చేసింది, ఆవిడే నన్ను అందులో పడుకోబెట్టింది. నన్ను చైల్డ్ థీమ్ అంటారు. అమ్మకి ఎన్ని అప్‌డేట్లు వచ్చినా నా ఫోల్డరు జోలికి ఎవరూ రారు. నా పక్కనే ఇంకో ఫైలుని కూడా పెట్టారు, ఫంక్షన్స్ డాట్ పీహెచ్‌పీ. వాణ్ని తమ్ముడనుకోండి. వాడి ముక్కు మీద కోపం గురించి తరవాత చెబుతాను.

నాకు మొదట అప్పగించిన పని వత్తులు కాపాడటం.

అమ్మని రాసినవాళ్లకి తెలుగు తెలియదు. తెలియాలని రూలేం లేదు. ఇంగ్లిషు అక్షరాలు గీత మీద కూచుంటాయి. ఏవో నాలుగైదు తోకలు కిందికి వేలాడతాయి, అంతే. మన అక్షరం అలా కాదు. పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. అమ్మ శీర్షికలకి వరుస ఎత్తు 1.1 అని పెట్టుకుంది, పైగా గడి దాటిందాన్ని కోసెయ్యమంది. దాంతో సైటు నెత్తి మీద పెద్దక్షరాలతో ఉండాల్సిన 'ముగ్గు' కాస్తా 'ముగు' అయి కూచుంది. గ వత్తు కత్తిరించిన గోరులా పోయింది. 'లక్ష్మీ పద్మం' అనే ముగ్గు పేరు రెండు వరుసల్లో పడితే, పై వరుస మ వత్తు కింది వరుస తలకట్టు మీద ఎక్కి తొక్కేది. ఆవిడ ఆర్నెల్లపాటు తన కళ్లజోడు పవరు పెరిగిందనుకుంది.

నాలో ఆవిడ రాసిన మొదటి సొంత వరుస అదే: శీర్షికలకి వరుస ఎత్తు 1.6, మామూలు రాతకి 1.9. సేవ్ చేసి చూసింది. ఏమీ మారలేదు. 2.2 చేసింది. మారలేదు. 3, తరవాత 5. కసిగా అక్షరం సైజు కూడా ఇష్టమొచ్చినట్టు పెంచేసింది. అక్క కొడుకు బండి మీదున్నాడో ఏమో, ఫోనెత్తలేదు. గంటన్నర తరవాత ఎత్తి, "పిన్నీ, కంట్రోలు పట్టుకుని ఎఫ్5 కొట్టు" అన్నాడు. కొట్టింది. అప్పటిదాకా బ్రౌజరు దాచుకున్న పాత నన్ను చూపిస్తోంది. ఇప్పుడు అసలు నేను బయటికి వచ్చాను. తెర నిండా ఒకే ఒక్క అక్షరం, 'ము'. ఆవిడ నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. దాన్ని క్యాష్ అంటారని ఆ రోజు తెలిసింది ఆవిడకి. నన్నడిగితే వెబ్‌సైటు నడిపేవాళ్ల సగం ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది.

ఆ తరవాత అక్షరాలకి మండలి ఫాంటు, శీర్షికలకి రామభద్ర పెట్టింది. రామభద్ర పుట్టుకతోనే లావు, దానికి ఉన్నది ఒకే ఒక బరువు. శీర్షిక అంటే లావుగా ఉండాలని బ్రౌజరుకి అలవాటు గనక, ఉన్న లావుకి తోడు సొంతంగా ఇంకో పూత పూసేది. 'ఠ'లో చుక్క కనబడేది కాదు. బరువు 400 అని నాలో ఒక ముక్క రాస్తే ఊరుకుంది.

రంగు సంగతి మరో రభస. కళ్లాపి చల్లిన వాకిలి రంగు కావాలంది ఆవిడ. ఇప్పుడు వాళ్ల వాకిలి సిమెంటుది, పేడా లేదు, కళ్లాపీ లేదు. అయినా తన చిన్నప్పటి అత్తిలి ఇంటి వాకిలి రంగు కంటి ముందే ఉందట. నాకు మాటలతో చెబితే తెలియదు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని పదహారు లెక్కలో రెండేసి అంకెలు చెప్పాలి. అలా కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు చెప్పొచ్చు. వాటిలో తన వాకిలిని వెతుక్కుంటూ మూడు రాత్రులు కూచుంది. చివరికి #555533 దగ్గర ఆగింది. తడిసిన ముదురు పచ్చ గోధుమ. నల్లక్షరాలు దాని మీద పెట్టి మురిసిపోయింది. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని. చదవడానికి హాయిగా ఉండాలంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. నలుపుకి 2.7 వచ్చింది. తెలుపు పెడితే 7.7. "తెల్లగా పెట్టు పిన్నీ" అన్నాడు వాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంది: "అవును గదరా! నల్ల ముగ్గు ఎవరు పెడతారు?"

ఇక తమ్ముడి కోపం. నేను ఓర్పుగలదాన్ని. నాలో ఎక్కడైనా సెమీకోలన్ మరిచిపోతే ఆ వరుసనీ దాని పక్క వరుసనీ వదిలేసి మిగతా పని చేసుకుపోతాను. తమ్ముడు అలా కాదు. ఒక్క సెమీకోలన్ తగ్గిందా, ఇల్లంతా మూసి తాళం వేస్తాడు. 2020 వేసవిలో అందరూ ఇళ్లలో ఉన్నప్పుడు ఆవిడ హోస్టింగు ఫైల్ మేనేజరులోంచి వాడిలో ఏదో చేర్చింది. సైటు తెరిస్తే తెల్లటి పేజీ, సైటులో తీవ్రమైన తప్పు జరిగిందని ఒక వాక్యం. అంతకు ముందు ఏడాది, 5.2 వెర్షన్ నుంచి, ఇలాంటప్పుడు వర్డ్‌ప్రెస్ యజమానికి మెయిలు పంపడం మొదలెట్టింది. ఏ ఫైలు, ఎన్నో వరుస అన్నీ అందులో ఉంటాయి. 14వ వరుస అని వచ్చింది. 14వ వరుస చూసింది. ముత్యంలా ఉంది. నాలుగుసార్లు చూసింది. ఇంకొకరైతే ఆ వరుస చెరిపేసేవాళ్లు. ఆవిడ మెలికల ముగ్గు మనిషి. మెలిక చివర్లో కలవకపోతే తప్పు చివర్లో ఉండదనీ, మూడు చుక్కల వెనకెక్కడో దారి తప్పి ఉంటుందనీ తెలుసు. వెనక్కి నడిచింది. 13 ఖాళీ వరుస. 12 చివర సెమీకోలన్ లేదు. పెట్టింది. తాళం ఊడింది. ఆ రోజు అక్క కొడుక్కి ఫోను చేసింది గానీ, అడగడానికి కాదు.

నా జీవితంలో గొప్ప రోజు మాత్రం చుక్కల రోజే. పేజీ వెనకాల, ముగ్గు ఇంకా మొదలెట్టని వాకిలిలా, సన్నటి చుక్కలు ఉండాలని ఆవిడ కోరిక. అక్క కొడుకు చుక్కల బొమ్మ ఒకటి పంపాడు. "బొమ్మెందుకురా? చుక్కలు పెట్టడం నాకు రాదా?" అంది. అయితే ఇది చూడు అని వాడు ఒక్క వరుస పంపాడు: రేడియల్ గ్రేడియంటు, 24 పిక్సెళ్లకి ఒకటి. నాలో వేసి చూసింది. నిలువూ అడ్డం తిన్నగా, బడిపిల్లల లైనులా వచ్చాయి.

"ఇది సరి చుక్క. నాకు సందు చుక్క కావాలి."

"అది రాదేమో పిన్నీ."

"ఎందుకు రాదు? సందు చుక్కంటే ఏంటి, రెండు సరి చుక్కల వరుసలు ఒకదాని సందులో ఒకటి జరగడమేగా."

వాడు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. ఆవిడ ఆ వరుసనే నాలో రెండోసారి రాసి, రెండోదాన్ని పక్కకి 12, కిందికి 12 జరిపింది. సందు చుక్కలు వచ్చాయి. కానీ నచ్చలేదు, వరుసలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాయంది. నిలువు కొలత 24ని 30 చేసింది. 36 చేసింది. ప్రతిసారీ కుర్చీ వెనక్కి జరిపి, వాకిట్లో నిలబడి చూసినట్టు తల పక్కకి వంచి చూసింది. 42 దగ్గర ఆగి, రెండోదాన్ని 12, 21 చేసింది. "ఇప్పుడు కుదిరింది" అంది. వాడు అక్కడ కాలిక్యులేటరు తీసి లెక్క కట్టాడు. పక్క చుక్కకి 24, ఏటవాలు చుక్కకి 24.19. ఏ చుక్క దగ్గర నిలబడినా చుట్టూ ఉన్న ఆరూ దాదాపు సమానం. "ఎలా తెలిసింది పిన్నీ?" అన్నాడు. ఆవిడకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. 15 నుంచి 8 వరకు దిగే ముగ్గుకి 169 చుక్కలు. స్కేలు లేకుండా, వేళ్ల సందుల్లోంచి, నలభయ్యేళ్లుగా పెడుతోంది.

ఇప్పుడు నాకు 612 వరుసలు. మధ్యమధ్య ఆవిడ తెలుగులో రాసుకున్న గుర్తులున్నాయి; వాటిని చూసేవాళ్లకి చూపించను. "ఇది ముట్టుకోకు, వత్తులు తెగుతాయి." "ఇది ఎందుకు రాశానో మర్చిపోయాను, తీస్తే ఫోన్లో పాడవుతోంది." 2022 జనవరిలో 5.9 వచ్చాక మా బోటివాళ్ల పని చాలా మటుకు థీమ్ డాట్ జేసన్ అనే కొత్త ఫైలుకి పోతోంది. మౌసుతో రంగులు మార్చుకోవచ్చట, నన్ను తెరవనే అక్కర్లేదట. మారిపో పిన్నీ అని అక్క కొడుకు ఏటా అంటాడు. ఈ సంక్రాంతి వెళ్లనీ అని ఆవిడ ఏటా అంటుంది.

నా ఆఖరి వరుసల్లో బంతిపూల రంగు అంచు ఒకటుంది, పండగకని పేజీ తలకట్టు కింద వేసింది. దాని మీద ఒక గుర్తు రాసుకుంది: "భోగి అయ్యాక తీసెయ్యాలి." మూడు భోగులు అయ్యాయి. మొన్న మళ్లీ నన్ను తెరిచింది, ఆ వరుస దగ్గర కాసేపు ఆగింది, పసుపు కాస్త ముదురు చేసి సేవ్ నొక్కింది.