పార్కు ఇంటర్ను

ఎండాకాలం సెలవులు అయిపోయే రోజుల్లో కంబదూరు బస్టాండులో దిగే కుర్రాళ్లలో ఒకణ్ణి ఇట్టే గుర్తుపట్టవచ్చు. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతుంటుంది. దాని గడువు తీరి వారమైనా తియ్యడు. దిగీదిగగానే అక్కడి కానుగ చెట్టును తట్టి, తలెత్తి చూసి, 'పొంగామియా పిన్నాటా' అంటాడు. నీడన టీ తాగుతున్నవాళ్లు ఎవరినో తిట్టాడనుకుని అటూ ఇటూ చూస్తారు. ఇతనే పార్కు ఇంటర్ను.

పాపం, అతను కోరి తెచ్చుకున్నది కాదు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకు మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక సమాజసేవ పేరిట రెండు నెలలు సర్వే కాగితాలతో ఇల్లిల్లూ తిరిగాడు. 'పేర్లు రాసుకుంటాండావు, డబ్బులు ఎప్పుడు పడతాయప్పా?' అని అడగని ఇల్లు లేదు. రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు ఏదైనా సంస్థలో పని నేర్చుకోవాలి. కంబదూరులో సంస్థ అంటే ఎరువుల అంగడి. ఇతనికి బెంగుళూరులో మేనమామ ఉన్నాడు. మేనమామ గది పక్కన పార్కు ఉంది. అట్లా ఇతను పర్యావరణవేత్త అయ్యాడు.

ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని జిల్లా నుంచి పోయినవాడు. పార్కులో సాయంత్రం కాగానే గడ్డికి నీళ్లు కొట్టడం చూసి మొదటిరోజు రాత్రి అన్నం సహించలేదట. శెనక్కాయకు కాదు, జొన్నకు కాదు, గడ్డికి! పోనీ ఆవులు మేస్తాయా అంటే ఆవుల్ని గేటు దాటనివ్వరు.

ఇక లాగ్‌బుక్కు. దాన్ని చదవడానికి కొంచెం అలవాటు కావాలి. 'జీవవైవిధ్య పరిరక్షణలో పాలుపంచుకున్నాను' అంటే ఆ పూట వయ్యారిభామ పీకాడు. 'సందర్శకుల అవగాహన కార్యక్రమం' అంటే కుక్కకు గొలుసు వెయ్యమని ఒక పెద్దాయనకు చెప్పి తిట్లు తిన్నాడు. 'నీటి యాజమాన్యం' అంటే పైపు పట్టుకున్నాడు. పైపు పట్టుకోవడం నేర్పిన మాలి ఎవరయ్యా అంటే, కరువుకు వలసపోయిన కళ్యాణదుర్గం పక్క మనిషే. 'మొదట్లో పొయ్యొద్దు రా, మూరెడు అవతల పాది తీసి పొయ్యి' అన్నాడట ఆయన. రెండు నెలల్లో ఇతను నేర్చుకున్న అసలు ముక్క అదే. లాగ్‌బుక్కులో మాత్రం అది లేదు.

ఊరికి వచ్చాక అరుగుల మీద ఉపన్యాసాలు మొదలవుతాయి. సెలవు రోజు లాల్‌బాగ్ చూసొచ్చాడు కదా, మొత్తం అప్పజెపుతాడు. 240 ఎకరాలు, 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, 1889 నాటి గాజుమేడ. 'అక్కడి బండ వయసు 300 కోట్ల ఏండ్లు మామా. మన ఊరి కింద ఉండే రాయీ ఆ జాతిదే.'

'అందుకేనా బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్ము లేస్తాండేది' అంటాడు మామ.

నాన్న దగ్గర ఉపన్యాసం వేరు. 1908లో బెంగుళూరు వచ్చి లాల్‌బాగ్ పెత్తనం చేసిన జర్మనీ దొర క్రుంబిగల్ కూడా అంతకుముందు లండన్ హైడ్ పార్కులో పూలమళ్లు వేసి, క్యూ తోటలో పనిచేసినవాడే అంటాడు. నాన్న అంతా విని, 'ఆయనకు జీతం ఇచ్చినారా?' అని అడుగుతాడు. ఇచ్చే ఉంటారంటాడు ఇతను. 'మరి నీకు?' ఉపన్యాసం అక్కడితో సరి.

టేపు సంగతి చెప్పకపోతే ఇతని బొమ్మ పూర్తి కాదు. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తియ్యాలని పార్కులో నేర్పారు. వచ్చిన మర్నాడే ఒక అవ్వ ఇంటి ముందు వేపచెట్టుకు టేపు చుట్టాడు. మా పక్క చెట్టుకు టేపు పెట్టేది ఇద్దరే: సామిల్లువాడు, రోడ్డు వెడల్పు చేసేవాడు. వాళ్లు వచ్చిపోయాక చెట్టు ఉండదు. అవ్వ పొరక పట్టుకుని బయటికొచ్చింది.

'ఎవురు రా నిన్ను పంపించింది?'

'కొట్టేదానికి కాదవ్వా. నీ చెట్టు ఎంత కార్బన్ పీలుస్తాదో లెక్కేస్తాండా.'

'నేను బోకులు కడిగిన నీళ్లు తప్ప అది ఇంకేమీ తాగేల్యా. పక్కకు జరుగు.'

ఆమె బిందెడు నీళ్లు తెచ్చి సరిగ్గా చెట్టు మొదట్లో కుమ్మరించింది. ఇతని నోట్లోంచి లాటిన్ రాలేదు. గోడకు ఆనించిన పార అందుకుని, మూరెడు అవతలగా చుట్టూ పాది తీశాడు. అవ్వ పొరక కింద పెట్టింది. 'ఇది ఏ కాలేజీలో చెప్పినార్రా?' అంది. ఆ పూట ఆమె పెట్టిన రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి తిని వచ్చాడు. ఇతను ఇంతవరకూ అందుకున్న స్టైపెండు అదొక్కటే.

ఇప్పుడు మూడో ఏడాది. ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే. మేనమామ గది మారాడు. కొత్త గది పక్కన పార్కు లేదు, ఫ్లైఓవరు ఉంది. దాంతో ఊళ్లో లెటర్‌హెడ్డు ఉన్నవాళ్ల కోసం తిరుగుతున్నాడు. ఎరువుల అంగడాయన ఓపిగ్గా విన్నాడు.

'లెటర్‌హెడ్డే కాదు, సీలు కూడా ఉంది. లారీ వచ్చిండాది. ముందు ఆ మూటలు దింపుపో.'

ఆ రోజు పేజీలో 'నేల పోషకాల రవాణాపై క్షేత్ర అనుభవం' అని ఉంది.